మెటల్ డిటెక్టర్: బీప్ రాలేదంటే సేఫ్ అనుకోవచ్చా? అసలు గుట్టంతా ఆ చిన్న బ్యాటరీలోనే.. రీచార్జబుల్ వేస్తే ఏమవుతుంది?

ఏ.ఎస్. రావు నగర్, సికింద్రాబాద్: ఆదివారం సాయంత్రం. షాపింగ్ కాంప్లెక్స్ ముందు క్యూ. సెక్యూరిటీ గార్డు చేతిలో నల్లటి కర్రలాంటి మెటల్ డిటెక్టర్. ఒక్కొక్కరి భుజం నుంచి నడుము దాకా అలా ఒకసారి తిప్పి, "వెళ్లండి సార్" అంటున్నాడు. బెల్టు బకిల్ ఉంది, జేబులో తాళాలున్నాయి, చేతికి స్టీలు వాచీ ఉంది. అయినా బీప్ రాలేదు. ఎవరూ ఆగలేదు, ఎవరూ అడగలేదు.

ఇలాంటి సీన్ థియేటర్ల దగ్గర, ఫంక్షన్ హాళ్ల దగ్గర, గుళ్ల దగ్గర చాలామంది చూసే ఉంటారు. తాళాలకు కూడా మోగని డిటెక్టర్ కత్తికి మోగుతుందా? మోగదు. చాలాసార్లు మెషిన్ బాగానే ఉంటుంది. లోపల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. లేదంటే ఆ మెషిన్‌కి సరిపడని బ్యాటరీ పెట్టి ఉంటారు.

ఇప్పుడు చాలా చోట్ల ఖర్చు తగ్గుతుందని మామూలు సెల్స్ తీసేసి రీచార్జబుల్ బ్యాటరీలు వేస్తున్నారు. ఆలోచన మంచిదే. కానీ టీవీ రిమోట్‌లో సెల్ మార్చినట్టు మార్చేస్తే కుదరదు. ఎందుకో వివరంగా చూద్దాం.

ఈ కాలనీకి, ఈ టాపిక్‌కి ఉన్న లింకేంటి?

ఏ.ఎస్. రావు నగర్ అనే పేరే ఒక ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్తది. డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. హోమీ భాభాతో కలిసి అణుశక్తి కార్యక్రమంలో పనిచేశారు. 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే మన ఈసీఐఎల్ మొదలవడానికి ఆయనే కారణం. 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. 2003లో కన్నుమూశారు.

ఈసీఐఎల్ చౌరస్తా, కుషాయిగూడ, కాప్రా.. ఈ ప్రాంతం చాలావరకు ఆ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిందే. కంప్యూటర్లు, టీవీలు, భద్రతా వ్యవస్థలు, ఓటింగ్ మెషిన్లు.. ఇవన్నీ ఈసీఐఎల్ చేసినవే. ఓల్టేజీ, కరెంటు అనే మాటలు ఇక్కడి చాలా ఇళ్లలో కొత్త కాదు. అలాంటి చోట గేటు దగ్గరి డిటెక్టర్‌లో ఏ బ్యాటరీ ఉందో మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

పైగా ఈ ఏరియాలో రద్దీ పెరుగుతోంది. 2025 జనవరి 6న చర్లపల్లి రైల్వే టెర్మినల్‌ను ప్రధాని మోదీ వర్చువల్‌గా ప్రారంభించారు. అప్పటి నుంచి ఈ రూట్లో ప్రయాణికుల రాకపోకలు ఎక్కువయ్యాయి. జనం పెరిగితే చెకింగ్ పాయింట్లు పెరుగుతాయి. చెకింగ్ పాయింట్లు పెరిగితే బ్యాటరీల గోల కూడా పెరుగుతుంది.

హైదరాబాద్‌కి ఇది చిన్న విషయం కాదు

2007 ఆగస్టు 25. లుంబినీ పార్కులో లేజర్ షో నడుస్తుండగా పేలుడు. కాసేపటికే కోఠి గోకుల్ చాట్‌లో మరో పేలుడు. 40 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది మే 18న మక్కా మసీదులో పేలుడు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లలో 18 మంది ప్రాణాలు పోయాయి. ఆ కేసులో ఐదుగురికి పడిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు సమర్థించింది.

ఈ ఘటనల తర్వాతే నగరంలో ఎక్కడ చూసినా చెకింగ్‌లు మొదలయ్యాయి. 2013లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలి, లోపలికి వచ్చేవారిని నియంత్రించే ఏర్పాటు చేయాలి అని అందులో ఉంది. ఒకేసారి 100 మంది, అంతకు మించి వచ్చే చోట్లకు ఇది వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మెటల్ డిటెక్టర్ ఉంటే అన్నీ ఆగిపోతాయని కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు రోడ్డు పక్కన సైకిళ్ల మీద పెట్టారు. అక్కడ గేటే లేదు, ఇక డిటెక్టర్ ఏం చేస్తుంది? కానీ లుంబినీ పార్కు అలా కాదు. టికెట్ కొని, గేటు దాటి లోపలికి వెళ్లే చోటు. అలాంటి చోట్ల గేటు దగ్గర చెకింగ్‌కి చాలా విలువ ఉంటుంది. ఆ చెకింగే తూతూ మంత్రంగా సాగితే గేటు ఉన్నా లేనట్టే.

కెమెరా ఆగిపోతే కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ నల్లగా అవుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. డిటెక్టర్ బ్యాటరీ డల్ అయితే ఎవరికీ తెలియదు. దాని మౌనాన్ని అందరూ "ఏమీ లేదు" అనే అర్థం చేసుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఈ మెషిన్ ఎలా పనిచేస్తుంది?

డిటెక్టర్ లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును సర్క్యూట్ వేగంగా అటూ ఇటూ మార్చి ఆ చుట్టలోకి పంపుతుంది. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దగ్గరికి లోహం వస్తే ఆ లోహంలో సుడులు తిరిగే చిన్న కరెంట్లు పుడతాయి. వాటి వల్ల క్షేత్రంలో తేడా వస్తుంది. ఆ తేడాను సర్క్యూట్ పసిగట్టి బీప్ ఇస్తుంది.

ఈ ఐడియా కొత్తది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ మీద కాల్పులు జరిగినప్పుడు ఒంట్లో బుల్లెట్ ఎక్కడుందో వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే తయారు చేశారు. మంచంలోని లోహపు స్ప్రింగులు అడ్డొచ్చి ఫలితం దక్కలేదు.

బల్లెట్ అయినా, బ్లేడు అయినా.. వచ్చే తేడా చాలా చిన్నది. దాన్ని పట్టాలంటే సర్క్యూట్‌కి అందే ఓల్టేజీ నిలకడగా ఉండాలి. మంచి కంపెనీల మోడళ్లలో ఓల్టేజీని ఒకే స్థాయిలో ఉంచే రెగ్యులేటర్ ఉంటుంది. బ్యాటరీ కొంత తగ్గినా పనితీరు మారదు, ఒక హద్దు దాటాక మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. చవక మోడళ్లలో రెగ్యులేటర్ సరిగ్గా ఉండదు. బ్యాటరీ తగ్గుతున్న కొద్దీ పసిగట్టే దూరం కూడా తగ్గుతూ వస్తుంది. పొద్దున చిన్న బ్లేడుకి మోగిన మెషిన్ సాయంత్రానికి పెద్ద కత్తిని ఒంటికి ఆనిస్తే గానీ మోగదు.

1.5 ఎక్కడ, 1.2 ఎక్కడ?

గార్డుల చేతిలో కనిపించే డిటెక్టర్లలో ఎక్కువ వాటికి 9 ఓల్టుల దీర్ఘచతురస్రపు బ్యాటరీ వేస్తారు. పాత రేడియోల్లో, మల్టీమీటర్లలో వాడే అదే బ్యాటరీ. నేలలో వెతికే పెద్ద డిటెక్టర్లలో కొన్నింటికి పెన్‌టార్చ్ సెల్స్, అంటే డబుల్ ఏ సైజువి నాలుగో, ఎనిమిదో పడతాయి.

మామూలు ఆల్కలైన్ సెల్ ఒక్కోటి 1.5 ఓల్టులు. రీచార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 ఓల్టులు. ఒక్క సెల్‌లో తేడా 0.3 మాత్రమే. కానీ ఎనిమిది సెల్స్ వరుసగా కలిపితే? ఆల్కలైన్‌తో 12 ఓల్టులు వస్తాయి. రీచార్జబుల్‌తో 9.6 మాత్రమే.

9 ఓల్టుల బ్యాటరీలోనూ ఇదే కథ. దాని లోపల నిజానికి ఆరు చిన్న సెల్స్ ఉంటాయి. రీచార్జబుల్ నికెల్ రకంలో కూడా ఆరే పెడితే 7.2 ఓల్టులే వస్తాయి. ఏడు పెడితే 8.4 వస్తాయి. ఎనిమిది పెడితే 9.6. పైన స్టిక్కర్ మీద మాత్రం పెద్ద అక్షరాలతో "9 ఓల్ట్ సైజు" అనే ఉంటుంది. అసలు నంబర్ కింద చిన్నగా రాసి ఉంటుంది. చాలామంది షాపులో అది చూడరు.

కాబట్టి మొదటి రూల్ ఇదే. నికెల్ రకం కొంటే 7.2 రాసి ఉన్నది డిటెక్టర్‌కి వద్దు. 8.4 గానీ 9.6 గానీ ఎంచుకోవాలి. అదీ మెషిన్ మాన్యువల్ ఒప్పుకుంటేనే.

"బ్యాటరీ ఫుల్" అని చూపిస్తే నమ్మొచ్చా?

ఇది అందరూ బోల్తా పడే చోటు. బ్యాటరీలో ఎంత మిగిలిందో మెషిన్‌కి నేరుగా తెలియదు. అది ఓల్టేజీ చూసి లెక్క వేస్తుంది.

ఆల్కలైన్ బ్యాటరీ ఓల్టేజీ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గుతుంది. అందుకే ఇంత ఓల్టేజీ ఉంటే సగం మిగిలింది, ఇంతకు పడితే అయిపోతోంది అని చెప్పడం తేలిక. నికెల్ రీచార్జబుల్ అలా కాదు. మొదటి నుంచి దాదాపు చివరి దాకా 1.2 దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా కుప్పకూలుతుంది.

ఆల్కలైన్ కోసం తయారైన ఇండికేటర్ ఉన్న మెషిన్‌లో రీచార్జబుల్ వేస్తే రెండింటిలో ఒకటి జరుగుతుంది. ఫుల్ చార్జ్ చేసి పెట్టినా ఎర్ర లైటు వెలిగి "లో బ్యాటరీ" అనొచ్చు. లేదంటే చివరి నిమిషం దాకా పచ్చ లైటే చూపించి, హెచ్చరిక ఇచ్చిన కాసేపటికే ఆగిపోవచ్చు. మొదటిది చికాకు. రోజూ ఎర్ర లైటు చూసి చూసి గార్డు దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. రెండోది అంతకంటే ప్రమాదం.

గుర్తుందా.. ఈవీఎం 99 శాతం గొడవ?

ఓల్టేజీకి, శాతానికి తేడా తెలియకపోతే ఎంత రచ్చ అవుతుందో దేశమంతా 2024 అక్టోబర్‌లో చూసింది. హర్యానా అసెంబ్లీ ఎన్నికల లెక్కింపు రోజు కొన్ని ఈవీఎంల బ్యాటరీ 99 శాతం చూపిస్తోందని కాంగ్రెస్ ఫిర్యాదు చేసింది. రోజంతా పోలింగ్‌లో వాడిన మెషిన్ 99 ఎలా చూపిస్తుందన్నది వాళ్ల ప్రశ్న.

ఎన్నికల సంఘం ఇచ్చిన వివరణ ఆసక్తికరంగా ఉంది. ఈవీఎంలో వాడేది ఫోన్‌లో ఉండే రీచార్జబుల్ రకం కాదు, ఆల్కలైన్ బ్యాటరీ. పవర్ ప్యాక్ ఓల్టేజీ 7.4కి పైన ఉన్నంతసేపూ డిస్‌ప్లేలో 99 శాతమే కనిపిస్తుంది. 7.4 కంటే దిగితే 98 నుంచి అసలు శాతాలు మొదలవుతాయి. 5.8 ఓల్టుల దగ్గరికి వచ్చినప్పుడు ప్యాక్ మార్చమని మెషిన్ గుర్తు చేస్తుంది.

రాజకీయం సంగతి పక్కన పెడితే, ఇందులో టెక్నికల్ పాఠం ఒకటుంది. తెర మీద కనిపించే శాతం బ్యాటరీలోని అసలు సరుకు కాదు. ఫలానా రకం బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని, ఓల్టేజీ మీద గీసిన గీత అది. బ్యాటరీ రకం మార్చేస్తే ఆ గీత తప్పుతుంది. దేశంలో ఈవీఎంలు తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి బెంగళూరు బీఈఎల్ అయితే, రెండోది ఏ.ఎస్. రావు నగర్ పక్కనే ఉన్న ఈసీఐఎల్.

ఈవీఎం ఎన్నికలు లేనప్పుడు గోదాములో ఉంటుంది, పోలింగ్ రోజు తప్పకుండా పనిచేయాలి. అలాంటి పనికి కొత్త ఆల్కలైన్ ప్యాకే సరైనది. గేటు దగ్గర గార్డు చేతిలోని డిటెక్టర్ అలా కాదు. అది ప్రతి రోజూ పనిచేయాలి. ఏ బ్యాటరీ అనేది పనిని బట్టి తేల్చుకోవాలి తప్ప ధరను బట్టి కాదు.

సాయంత్రం 6 గంటలకే ఎందుకు ఆగిపోతుంది?

ఇప్పుడు చిన్న లెక్క చూద్దాం. ఒక డిటెక్టర్ 25 మిల్లీఆంపియర్ల కరెంటు లాగుతుందనుకుందాం. మంచి ఆల్కలైన్ 9 ఓల్టుల బ్యాటరీ కెపాసిటీ సుమారు 500 మిల్లీఆంపియర్ అవర్స్. అంటే 20 గంటలు వస్తుంది. నికెల్ రీచార్జబుల్‌లో అదే సైజుకి 200 చుట్టుపక్కలే ఉంటుంది. అంటే 8 గంటలు. లిథియం రకంలో 600 దాకా దొరుకుతాయి, అవి 24 గంటల దాకా రావొచ్చు.

షాపింగ్ కాంప్లెక్స్ ఉదయం 10 గంటలకు తెరిచారు. గార్డు డ్యూటీ 12 గంటలు. ఫుల్ చార్జ్ చేసిన నికెల్ బ్యాటరీ సరిగ్గా సాయంత్రం 6 గంటలకు చేతులెత్తేస్తుంది. ఆఫీసుల నుంచి జనం వచ్చే టైమ్, ఫస్ట్ షో టైమ్, పిల్లలతో కుటుంబాలు వచ్చే టైమ్ కూడా అదే. రద్దీ లేని మధ్యాహ్నం బాగా పనిచేసిన మెషిన్ అసలు అవసరమైన వేళకి పడుకుంటుంది.

దీనికి పరిష్కారం కష్టమేం కాదు. షిఫ్టుకి రెండు బ్యాటరీలు. మధ్యాహ్నం 3 గంటలకు, అయిపోయినా అవ్వకపోయినా, తీసి రెండోది వేయాలి. ఇండికేటర్ కోసం ఎదురు చూడకూడదు. గడియారం చూసి మార్చాలి.

లిథియం వేస్తే సరిపోతుందా? అందులోనూ రెండు రకాలు

9 ఓల్టుల సైజులో లిథియం రీచార్జబుల్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడవుతోంది. చార్జింగ్ కేబుల్ నేరుగా గుచ్చుకునే మోడళ్లు కూడా వచ్చాయి. ఇందులో తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది.

మొదటి రకంలో రెండు లిథియం సెల్స్ ఉంటాయి, అంతే. ఫుల్ చార్జ్‌లో 8.4, సగటున 7.4 ఓల్టులు ఇస్తాయి. డిటెక్టర్ ఆ ఓల్టేజీకి పనిచేస్తే ఇబ్బంది లేదు.

రెండో రకంలో సెల్‌తో పాటు ఓల్టేజీని 9కి పెంచి ఇచ్చే చిన్న సర్క్యూట్ ఉంటుంది. బొమ్మలకి, గడియారాలకి పర్వాలేదు. డిటెక్టర్ దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చు. ఓల్టేజీ పెంచే సర్క్యూట్ సెకనుకు వేల, లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతూ పనిచేస్తుంది. దాని నుంచి ఎలక్ట్రికల్ నాయిస్ వస్తుంది. లోహం వల్ల వచ్చే అతి చిన్న తేడాను వెతికే మెషిన్ పక్కనే ఈ నాయిస్ ఉంటే ఊరికే బీప్‌లు రావొచ్చు. వాటిని ఆపడానికి గార్డు సెన్సిటివిటీ తగ్గిస్తే అసలు వస్తువును కూడా వదిలేయొచ్చు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అన్నమాట.

ఇంకో చిక్కు. ఈ రకం చివరి దాకా కచ్చితంగా 9 ఓల్టులే ఇస్తుంది కాబట్టి డిటెక్టర్ ఇండికేటర్‌కి ఏమీ తెలియదు. ఫుల్, ఫుల్, ఫుల్.. ఆ తర్వాత సున్నా.

హైదరాబాద్ ఎండ, సెక్యూరిటీ క్యాబిన్

బ్యాటరీలను ఎక్కడ చార్జ్ చేస్తారు? చాలా చోట్ల గేటు పక్కన రేకుల క్యాబిన్‌లో. ఏప్రిల్, మే నెలల్లో నగరంలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద ఇంకా ఎక్కువ. 45 డిగ్రీలు దాటిన చోట చార్జ్ చేస్తే నికెల్ బ్యాటరీ పూర్తిగా చార్జ్ తీసుకోదు. లైటు పచ్చగా మారినా లోపల నిండదు. లిథియం అయితే ఆయుష్షు తగ్గుతుంది. నాసిరకం చార్జర్ తోడైతే ఉబ్బిపోవడం, మంటలు రావడం లాంటి ప్రమాదాలూ ఉంటాయి.

లోపల ఫ్యాన్ గాలి తగిలే చోట, రాత్రిపూట చార్జ్ పెట్టడం మేలు. ఏ రకం బ్యాటరీకి ఆ రకం చార్జరే వాడాలి. నికెల్ చార్జర్‌లో లిథియం పెట్టకూడదు. ఆల్కలైన్‌ని చార్జర్‌లో అసలు పెట్టకూడదు. కొనేటప్పుడు బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు చూడాలి. మన దేశంలో పోర్టబుల్ రీచార్జబుల్ బ్యాటరీలకు అది తప్పనిసరి.

9 ఓల్టుల బ్యాటరీ రెండు బొడిపెలూ పక్కపక్కనే ఉంటాయి. దాన్ని జేబులో తాళాలతో కలిపి వేస్తే షార్ట్ అయి కాలిపోవచ్చు. గార్డులకు ఇది ఎవరూ చెప్పరు.

అలాగే నికెల్ బ్యాటరీలు వాడకుండా ఉంచినా చార్జ్ కారిపోతుంది. పాత రకాలు నెల రోజుల్లోనే చెప్పుకోదగ్గంత ఖాళీ అవుతాయి. చార్జ్ ఎక్కువ కాలం నిలిచే రకాలు 2005 తర్వాత మార్కెట్లోకి వచ్చాయి. ఫంక్షన్ హాళ్లు, పరీక్ష కేంద్రాల లాంటి చోట్ల డిటెక్టర్ నెలల తరబడి బీరువాలో ఉంటుంది. పోయిన సీజన్‌లో చార్జ్ చేసి పెట్టాం కదా అని తీసి వాడితే అంతే సంగతులు.

ఖర్చు లెక్క ఏం చెబుతోంది?

ధరలు బ్రాండ్‌ను బట్టి మారతాయి. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. 20 గంటలు వచ్చే ఆల్కలైన్ బ్యాటరీ 250 రూపాయలు అనుకుంటే, రోజుకు 12 గంటల డ్యూటీకి నెలకు 18 కావాలి. అంటే 4,500 రూపాయలు. అదే నాలుగు రీచార్జబుల్ బ్యాటరీలు, ఒక మంచి చార్జర్ కలిపి 2,000 అనుకుంటే నెల తిరక్కుండానే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. కరెంటు ఖర్చు లెక్కలోకే రాదు. నెలంతా చార్జ్ చేసినా అర యూనిట్ కూడా కాదు. కొన్ని వందల సార్లు చార్జ్ అయ్యాక కెపాసిటీ పడిపోతుంది కాబట్టి ఏడాది, ఏడాదిన్నరకు కొత్తవి కొనాలి.

అంటే రోజూ వాడే చోట రీచార్జబులే లాభం. మరి ఎందుకు మారడం లేదు? ఎందుకంటే గేటు దగ్గర ఖర్చు ఎవరిదో తేలదు. బిల్డింగ్ యాజమాన్యం సెక్యూరిటీ ఏజెన్సీకి కాంట్రాక్ట్ ఇస్తుంది. డిటెక్టర్ ఎవరు తేవాలో అందులో రాసుకుంటారు. బ్యాటరీ ఎవరు కొనాలో చాలాసార్లు రాసుకోరు. ఏజెన్సీ యాజమాన్యం వైపు చూపిస్తుంది, యాజమాన్యం ఏజెన్సీ వైపు చూపిస్తుంది. మధ్యలో గార్డు ఉంటాడు. పక్క కిరాణా షాపులో దొరికే అన్నింటికంటే చవక సెల్ తెచ్చి వేస్తాడు. అవి ఆల్కలైన్ కూడా కావు, పాత తరహా జింక్ కార్బన్ సెల్స్. త్వరగా అయిపోతాయి. మళ్లీ కొనమని అడిగితే "మొన్నే కదా తెచ్చావ్" అంటారు. ఇక అడగడం మానేసి ఖాళీ మెషినే తిప్పుతాడు.

రేపు ఏదైనా జరిగితే మాత్రం మొదట ప్రశ్నించేది అతన్నే.

ఒక్కో పనికి ఒక్కో బ్యాటరీ

అన్ని డిటెక్టర్లకూ ఒకటే సమాధానం లేదు. గుమ్మంలా నిలబడే డోర్ ఫ్రేమ్ డిటెక్టర్లు కరెంటుతో నడుస్తాయి. కరెంటు పోతే బ్యాకప్ బ్యాటరీయే దిక్కు. బోనాలు, గణేశ్ నిమజ్జనం లాంటి సందర్భాల్లో తాత్కాలికంగా నిలబెట్టే వాటికి ఆ బ్యాకప్ ఎంతసేపు వస్తుందో ముందు రోజే చూసుకోవాలి.

నీట్ లాంటి పరీక్షల్లో విద్యార్థులను చేతి డిటెక్టర్లతోనే తనిఖీ చేస్తారు. అది ఏడాదిలో కొన్ని రోజుల పని. అక్కడ కొత్త ఆల్కలైన్ వేయడమే సురక్షితం. ఒక కేంద్రంలో బ్యాటరీ డల్ అయితే ఎవరో బ్లూటూత్ పరికరంతో లోపలికి వెళ్లొచ్చు. నష్టపోయేది రాత్రీ పగలూ చదివిన పిల్లలు.

అడవుల్లో మందుపాతరలు వెతికే బాంబు స్క్వాడ్‌లది పూర్తిగా వేరే లెక్క. 2025 మేలో ములుగు జిల్లా వాజేడు మండలంలో మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి చోట ప్లగ్ పాయింట్ ఉండదు, రెండో చాన్స్ ఉండదు. మెషిన్ తయారీదారు చెప్పిన బ్యాటరీ తప్ప మరొకటి వాడే ప్రశ్నే లేదు. స్పేర్ సెట్ చేతిలో ఉండాల్సిందే.

ఇక ఆన్‌లైన్‌లో డిటెక్టర్ కొని గుప్తనిధుల కోసం కొండలెక్కే బ్యాచ్ ఒకటుంది. వాళ్ల డౌట్ కూడా ఇదే.. రీచార్జబుల్ వేస్తే లోతు తగ్గుతుందా అని. రెగ్యులేటర్ ఉన్న మంచి మెషిన్‌లో తగ్గదు. కానీ అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది చట్టం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో 10 రూపాయలకు మించి విలువైనది దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే కేసు తప్పదు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు వజ్రాల వేటకు డిటెక్టర్ పట్టుకెళ్లడం కూడా దండగే. వజ్రం లోహం కాదు, ఎంత చార్జ్ పెట్టినా బీప్ రాదు.

వాడేసిన సెల్స్ ఎక్కడికి పోతున్నాయి?

రోజుకో సెల్ లెక్కన గేటు దగ్గర వాడేసిన బ్యాటరీలు చివరికి చెత్తబుట్టలోకే పోతున్నాయి. 2022 ఆగస్టులో కేంద్రం కొత్త బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. చిన్న పోర్టబుల్ బ్యాటరీలు కూడా వాటి కిందకు వస్తాయి. వాడేసిన వాటిని తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. ఇంటి చెత్తలో కలపకూడదని బ్యాటరీ మీద కొట్టేసిన చెత్తడబ్బా గుర్తు ఉంటుంది. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలైతే ఇంకా జాగ్రత్త. కాడ్మియం విషపూరితం. కాప్రా చెరువు పరిస్థితి చూసిన వాళ్లకి ఈ విషయం వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడేం చేయాలి?

పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. ఐదు అలవాట్లు చాలు.

1. ప్రతి షిఫ్టు మొదట్లో, మధ్యలో టెస్ట్ చేయాలి. రోజూ ఒకే వస్తువు, ఒకే దూరం. ఒక చిన్న ఇనుప బోల్టును తాడుకి కట్టి గేటు దగ్గర వేలాడదీస్తే చాలు. దానికి మోగకపోతే మెషిన్ పక్కన పెట్టాలి.

2. మాన్యువల్‌లో రీచార్జబుల్‌కి ఒప్పుకుందో లేదో చూడాలి. ఏ రకం, ఎన్ని ఓల్టులు అన్నది చూసే కొనాలి.

3. బ్యాటరీల మీద నంబర్, కొన్న తేదీ రాయాలి. పాతవి, కొత్తవి కలిపి వేయకూడదు. రెండు రకాలు అసలే కలపకూడదు.

4. లైటు చూసి కాదు, టైమ్ చూసి మార్చాలి. ఎమర్జెన్సీకి ఒక సీల్ తీయని ఆల్కలైన్ బ్యాటరీ డ్రాయర్‌లో ఉండాలి.

5. బ్యాటరీ ఖర్చు ఎవరిదో కాంట్రాక్ట్‌లో రాసుకోవాలి. గార్డు జేబులోంచి మాత్రం కాకూడదు.

పోలీసులు, అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు డిటెక్టర్ ఉందా లేదా అని చూస్తే సరిపోదు. ఆ బోల్టు పెట్టి మోగించి చూడమని అడగాలి. అర నిమిషం పని అది.

అలాగే క్యూలో నిలబడే జనం కూడా ఒకటి గమనించవచ్చు. జేబులో తాళాలున్నా బీప్ రాకపోతే "హమ్మయ్య" అనుకుని లోపలికి వెళ్లిపోవద్దు. "అన్నా, ఇది మోగట్లేదు, బ్యాటరీ ఒకసారి చూస్కో" అని గార్డుకు చెప్పాలి, వీలైతే మేనేజర్‌కీ చెప్పాలి. గార్డు అడిగితే కొనివ్వని బ్యాటరీ, కస్టమర్లు అడిగితే ఆ సాయంత్రానికే వస్తుంది.